గుర్రాలు పరుగెత్తే చోటు

మొన్న రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కాను. నా పక్కన ఒక తల్లీ, ఏడో ఎనిమిదో చదువుతున్నట్టున్న ఆవిడ కూతురూ కూర్చున్నారు. పిల్ల ఏదో పోటీకి వెళ్తోంది కాబోలు, తల్లి చేతిలో ఇంగ్లీషు మాటల పుస్తకం ఉంది. ఆవిడ ఒక్కో మాటా చదవడం, ఆ పిల్ల అర్థం చెప్పడం. బస్సు జొన్నాడ దాటి గోదావరి వంతెన మీదకి వచ్చేసరికి ఆవిడ "హిప్పోడ్రోమ్" అంది.

"హిప్పోలు ఉండే చోటు" అంది పిల్ల, కిసుక్కున నవ్వుతూ.

తల్లి పేజీ కింద చూసుకుని, "కాదంట. పూర్వం గుర్రాల పందేలు జరిగే మైదానమంట" అంది.

"మరి హిప్పో అని ఎందుకుందమ్మా?"

"ఏమోనే. తర్వాతది చూడు."

ఎందుకుందో నేను చెప్పగలను. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు పదిహేనేళ్ళ వయసు నుంచీ నాకు తెలుసు. కానీ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వాళ్ళు రావులపాలెంలో దిగిపోయారు. నేను మాత్రం అమలాపురం దాకా ఆ ఒక్క మాటతోనే ప్రయాణం చేశాను.

మా ఊరు ఐనవిల్లికి దగ్గర్లో, ఏటిగట్టు పక్కన. వరీ, కొబ్బరీ మా ఇంటి బతుకు. చెట్ల నుంచి దింపు తీసిన రోజున వాకిలి నిండా కొబ్బరికాయలు గుట్టలు పోసేవారు. కాయలు వలుస్తుంటే పచ్చిపీచు వాసన ఇల్లంతా కమ్మేసేది. వెనక దొడ్లో మామ్మ పనసాకుల బుట్టల్లో పొట్టిక్కలు ఉడికించేది. ఆ ఆకుల వాసన ఎక్కించుకున్న ఇడ్లీ వేడివేడిగా, వెన్నతో, కొబ్బరి పచ్చడితో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండేది కాదు. కరెంటు ఎప్పుడు ఉండేదో, ఎప్పుడు పోయేదో తెలీదు. టీవీ ఉన్న ఇళ్ళు ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మాకు పొద్దుపోవడమంటే మాటలే. పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని చెప్పుకునే మాటలు వింటూ పెరిగాం.

కానీ మాటల్ని విప్పి లోపల ఏముందో చూడవచ్చని నాకు చూపించింది మా ఇంగ్లీషు మాస్టారు.

ఆయన మా హైస్కూల్లోనే పనిచేసేవారు. కాలవకి అవతల పేటలో ఇల్లు. ఆయన తండ్రి మా ఇంట్లో ముప్పై ఏళ్ళు పాలేరుగా చేశాడు. మాస్టారు చిన్నప్పుడే మిషన్ హాస్టల్లో చేరి, అక్కడే చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని మళ్ళీ సొంత ఊరికే వచ్చారు. తెల్లటి చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, జేబులో రెండు రంగుల పెన్నులు. బళ్ళో పిల్లలందర్నీ పేరు పెట్టి పిలిచేవారు. నన్ను మాత్రం "అమ్మాయిగారూ" అనేవారు. తరగతిలో అంతా ముసిముసిగా నవ్వేవారు. నాకు సిగ్గేసేది. ఆయనకి అలా పిలవడం వాళ్ళ నాన్న దగ్గర నుంచి వచ్చిందని నాకు అప్పటికింకా తట్టలేదు.

మాస్టారికి ఒక్కతే కూతురు. తనూ నేనూ ఒకటే తరగతి, ఒకటే బెంచీ. సన్నగా, చురుగ్గా ఉండేది. ఒకసారి విన్నది మర్చిపోయేది కాదు. డాక్టరు కోర్సు చదువుతానని ఆరో తరగతి నుంచీ చెప్పేది. ఎవరైనా నవ్వితే నవ్వే వాళ్ళకేసి కన్నార్పకుండా చూసేది, అంతే.

నాకు ఇంగ్లీషు బాగా రావాలని నాన్నకి కోరిక. పదో తరగతిలోకి వచ్చే ముందు ఎండాకాలంలో నన్ను మాస్టారింటికి పంపడం మొదలుపెట్టారు. మామ్మకి అది ఇష్టం లేదు. అలాగని వద్దనీ అనలేదు.

"వెళ్తే వెళ్ళేవు గానీ అక్కడేమీ తినకు. వేళ కాని వేళ తింటే పైత్యం చేస్తుంది" అనేది. వచ్చాక నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, పెరటి గుమ్మంలోంచి లోపలికి రమ్మనేది. అసలు కారణం ఏనాడూ నోటితో అనలేదు. నాకూ అడగాలనిపించలేదు. అడిగితే వెళ్ళనివ్వదేమోనని భయం.

తినకుండా మాత్రం ఎప్పుడూ లేను. మాస్టారి భార్య చిలగడదుంపలు ఉడకబెట్టి తొక్క తీసి పెట్టేది. ఒక్కోరోజు మట్టిదాకలో చేపల పులుసు పొయ్యి మీద మరుగుతూ ఉండేది. ఆ వాసనకి నాకు పాఠం తలకెక్కేది కాదు. "కొంచెం రుచి చూస్తావా అమ్మా?" అని ఆవిడ అడిగేది, గుమ్మం వైపు చూసుకుంటూ. తినేసి, వచ్చే దారిలో జామాకులు నమిలి, కాలవ మీద వేసిన తాటిదుంగలు దాటి, బుద్ధిమంతురాలిలా ఇల్లు చేరేదాన్ని. మాస్టారి కూతురు ఆ జామాకులు తనే కోసి నా చేతిలో పెట్టేది.

మాస్టారి దగ్గర అట్ట ఊడిపోయిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటుండేది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని ఒకావిడ ఊరు విడిచిపోతూ ఆయనకి ఇచ్చిందట. దాన్ని ఆయన రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టేవారు.

"మాటకి కూడా ఇంటిపేరు ఉంటుందండి, అమ్మాయిగారూ" అనేవారు. "ఇంటిపేరు కనిపెట్టేమంటే చుట్టాలందరూ దొరికిపోతారు."

ఒకరోజు నేను తెలివితేటలు చూపిద్దామని, "మనుషుల్లాగేనా మాస్టారూ?" అన్నాను.

ఆయన నవ్వారు. "మాటనైతే ఇంటిపేరు ఎన్నిసార్లయినా అడగొచ్చండి. మాట ఏమీ అనుకోదు."

ఆ రోజే హిప్పోపొటమస్ వచ్చింది. హిప్పోస్ అంటే గ్రీకు భాషలో గుర్రం, పొటమోస్ అంటే నది. "మనవాళ్ళు నీటిగుర్రం అన్నారు చూడండి, ఎంత సరిగ్గా సరిపోయిందో!" అని తనే ఆ మాటని పుట్టించినంత సంబరపడ్డారు. ఆ వెంటనే దాని చుట్టాన్ని పట్టుకొచ్చారు. డ్రోమోస్ అంటే పరుగు, పరుగెత్తే దారి. రెండూ కలిస్తే హిప్పోడ్రోమ్. గుర్రాలు పరుగెత్తే చోటు. విమానాలు పరుగెత్తే చోటుకి ఏరోడ్రోమ్ అన్న పేరు కూడా దాన్ని చూసే పెట్టారట. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే మాట పాలిండ్రోమ్.

"అంటే వెనక్కి పరిగెత్తేదన్నమాట. తెలుగులో ఒకటి చెప్పమ్మా" అన్నారు కూతురితో.

తను ఒక్క క్షణం ఆలోచించి, "కునుకు" అంది.

మాస్టారు ఆనందంతో తొడ చరుచుకున్నారు. నేను ఆ రాత్రంతా ఇంకో మాట కోసం వెతుక్కుని, తెల్లారేసరికి "జలజ" పట్టుకున్నాను.

హిప్పోడ్రోమ్ ఎలా ఉంటుందని అడిగితే ఆయన నోటితో చెప్పలేదు. మర్నాడు సాయంత్రం మా ఇద్దర్నీ ఏటికి తీసుకెళ్ళారు. గట్టు దిగితే ఇసకతిన్నె. అక్కడ దూరదూరంగా రెండు కర్రలు పాతారు. కాలితో ఇసకలో పొడుగ్గా గీత గీశారు.

"ఇటు నుంచి వెళ్ళి, ఆ కర్రని చుట్టి, అటు నుంచి రావాలి. ఒంటి గుర్రాలే కాదు, నాలుగేసి గుర్రాలు కట్టిన రథాలు కూడా పరిగెట్టేవండి. రథాలు తిరగబడేది ఆ మలుపులోనే. జనమేమో ఇలా మన ఏటిగట్టు లాంటి గట్టు మీద కూర్చుని చూసేవారు."

ఆయన గట్టెక్కి, చేతిరుమాలు పరుచుకుని కూర్చుని "ఊఁ" అన్నారు. మేం పరుగెత్తాం. తను కర్ర దాకా వెళ్ళి, దాన్ని ఒరుసుకుంటూ తిరిగింది. నేను కర్ర దాకా వెళ్ళకుండానే మలుపు తీసుకున్నాను. ఎదురెండలో ఆయనకి కనపడలేదు. నేనే గెలిచాను. "అమ్మాయిగారే!" అని చప్పట్లు కొట్టారు. తను రొప్పుతూ నాకేసి చూసింది. వాళ్ళ నాన్నకి చెప్పలేదు.

వానలు వచ్చాయి, బడి తెరిచారు. దసరా సెలవులు అయిన తర్వాత ఒక కబురు వచ్చింది. అమలాపురంలో పదో తరగతి పిల్లలకి జనరల్ నాలెడ్జి పోటీ పెడుతున్నారు. ఫస్టు వచ్చినవాళ్ళకి విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ ఉచితంగా సీటు, ఎంట్రన్స్ కోచింగ్‌తో సహా. మా బడి నుంచి మా ఇద్దర్నీ పంపారు.

ఆ సీటు ఎవరికి కావాలో ఊళ్ళో అందరికీ తెలుసు. మా నాన్న ఎలాగూ డబ్బు కట్టి నన్ను ఆ కాలేజీకే పంపుదామనుకుంటున్నారు. మాస్టారు మాత్రం ఆ నెల రోజులూ కూతురి కంటే ముందు లేచి, ప్రశ్నలు రాసుకుని, వంట చేస్తున్న భార్య చేత కూడా అడిగించేవారట. అలాగని నాకేమీ తక్కువ చెయ్యలేదు. కూతురికి చెప్పిందల్లా నాకూ చెప్పారు. ఒకటే కాగితం, కార్బన్ పెట్టి రెండు కాపీలు.

ఆ రోజు నలుగురం కలిసే బస్సులో వెళ్ళాం. నాన్న, నేను, మాస్టారు, తను. మామ్మ నాకు పూతరేకులు కట్టి ఇచ్చింది. బస్సులో ఒకటి తనకిచ్చాను. తను సగం తుంచి మళ్ళీ నాకే పెట్టింది.

హాలు నిండిపోయింది. మండపేట, కొత్తపేట, రాజోలు, ఎక్కడెక్కడి నుంచో పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రులు. నాన్నకి నిర్వాహకుల్లో ఎవరో తెలుసు. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. మాస్టారు వెనకాల గోడ దగ్గర నుంచున్నారు. స్టేజీ మీద మైకు ముందు ఒక పెద్దమనిషి కట్టల కొద్దీ కార్డులు పట్టుకుని ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కళ్ళే తప్పుకున్నారు. మధ్యాహ్నానికి ఇద్దరం మిగిలాం. ఇద్దరికీ సమానంగా మార్కులు. ఆఖరి ప్రశ్నన్నారు. చీటీ తీస్తే ముందు వంతు తనకి వచ్చింది.

ఆయన కార్డు తీసి చదివారు. "హిప్పోడ్రోమ్ అంటే ఏమిటి?"

నేను తల వంచుకున్నాను. అయిపోయిందనుకున్నాను. తను గట్టిగా, స్పష్టంగా చెప్పింది. "పూర్వకాలంలో గుర్రాల పందేలు, రథాల పందేలు జరిగిన మైదానమండి. గ్రీకులో హిప్పోస్ అంటే గుర్రం, డ్రోమోస్ అంటే పరుగు."

పెద్దమనిషి కార్డు చూశారు. నవ్వారు. "కాదమ్మా. హిప్పో అంటే గుర్రం కాదు. జూలో చూడలేదూ? ఇంత నోరేసుకుని ఉంటుంది."

హాల్లో నవ్వులు. తను మళ్ళీ ఏదో చెప్పబోయింది. "ఒక్కసారే చాన్సు" అని ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా."

ఆ క్షణం గురించి నాకు నేను చాలా అబద్ధాలు చెప్పుకున్నాను. కంగారుపడ్డాననీ, పెద్దాయన కాదన్నాడు కాబట్టి మాస్టారు చెప్పిందే తప్పేమోననుకున్నాననీ. అవేవీ నిజం కాదు. నాకు అన్నీ తెలుసు. ఆ కార్డు మీద ఏం రాసి ఉందో ఆయన నవ్వులోనే కనపడింది. ముందు వరసలో నాన్న కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నారు. నేను మైకు దగ్గరికి వెళ్ళి, "నీటిగుర్రాలు ఉండే చోటండి" అన్నాను.

"వెరీగుడ్!"

చప్పట్లు మోగాయి. నాన్న లేచి నుంచున్నారు. నా చేతిలో కప్పు పెట్టారు. చల్లగా ఉంది. ఫోటో తీసేవాడు నవ్వమంటున్నాడు.

అప్పుడు వెనక నుంచి మాస్టారు నడుచుకుంటూ వచ్చారు. ఆయన చేతిసంచీలో ఆ నిఘంటువు ఉంది. దాన్ని ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చారని నాకప్పటిదాకా తెలీదు. స్టేజీ కింద నుంచుని, ఎప్పటిలాగే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు.

"అయ్యా, ఏమీ అనుకోకండి. కార్డు మీద పొరపాటు పడ్డట్టుందండి. ఒక్కసారి ఇది చూడండి."

"తీర్పు అయిపోయేక మాట్లాడకూడదండీ మాస్టారూ."

"ఆయ్, అదేనండి, తీర్పు గురించి కాదండి. మాట అర్థం గురించండి. ఇదిగోండి, ఈ పేజీలో..."

"ఆ అమ్మాయి మీకేమవుతుంది?"

"మా అమ్మాయేనండి."

"అదీ సంగతి!" అన్నారాయన, మైకులోనే. హాలంతా మళ్ళీ నవ్వింది. "మీదే ఊరండి? ఊళ్ళో ఎక్కడ ఉంటారు?"

మాస్టారు ఊరి పేరు చెప్పారు. ఆగారు. పేట పేరు కూడా చెప్పారు. ఆ పెద్దమనిషి మొహంలో ఏదో సర్దుకుంది. "అలాగా. కూర్చో, కూర్చో" అన్నారు. అంతవరకూ ఉన్న అండీ పోయింది.

మాస్టారు కూర్చోలేదు. నా వైపు తిరిగారు.

"అమ్మాయిగారూ, మీరు చెప్పండి. హిప్పోడ్రోమ్ అంటే ఏమిటని చదువుకున్నామండి మనం?"

కప్పు నా రెండు చేతుల్లో ఉంది. తను నా పక్కనే, మూరెడు దూరంలో నుంచుని ఉంది. నేను అటు చూడలేదు.

"నాకు గుర్తులేదండి" అన్నాను.

మాస్టారు నన్ను చూశారు. కోపం లేదు. అడ్రసు అడిగితే ఎవరో తెలీదన్నప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. నాన్న లేచి, "ఊరుకోండి మాస్టారూ, పిల్లల ఆట. ఇంత రాద్ధాంతం ఎందుకండీ?" అన్నారు మెల్లగా. నాన్నకి నిజంగా ఏమీ తెలీదు. మాస్టారు "ఆయ్" అని, పుస్తకం సంచీలో పెట్టుకుని, కూతుర్ని తీసుకుని బయటికి నడిచారు.

మమ్మల్ని నిర్వాహకుల కారులో పంపారు. ముక్కామల దాటాక... ఎక్కడో సరిగ్గా గుర్తులేదు, బస్సు మారడానికి కాబోలు, బస్టాపులో వాళ్ళిద్దరూ కనిపించారు. సంచీ మాస్టారి చేతిలో ఉంది. నాన్న కారాపమందామా అన్నట్టు నాకేసి చూశారు. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాను.

ఇంటి దగ్గర హారతి ఇచ్చారు. కప్పు దేవుడి గదిలో పెట్టారు. అందరూ వెళ్ళాక మామ్మ నా పక్కన కూర్చుని తల నిమురుతూ అడిగింది.

"మాస్టారు అడ్డుపడ్డాడంట. ఎందుకే?"

"ఏమో."

"ఆయన ఊరికే అడ్డుపడే మనిషి కాదు. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు మనింట్లో చేసేడు. ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. ఆ రక్తమే కదా ఈయన్ది. నువ్వు తెలిసే చెప్పేవా?"

"నాకేం తెలుసు మామ్మా, అడిగింది చెప్పేను."

మామ్మ చెయ్యి తల మీద నుంచి తీసేసింది. ఆ ఇంట్లో ఏమీ తినొద్దన్న మనిషి, నేను ఆ ఇంటికి ద్రోహం చేశానని మొదట పసిగట్టింది. ఆ తర్వాత ఆవిడ బతికున్నంత కాలం ఆ కప్పు గురించి నా ముందు ఎత్తలేదు.

నేను ట్యూషన్‌కి వెళ్ళడం మానేశాను. తలనొప్పన్నాను, చదువెక్కువగా ఉందన్నాను. బళ్ళో మాస్టారు మారలేదు. అదే తెల్లచొక్కా, అదే పలకరింపు. "అమ్మాయిగారూ, మీ జవాబు చదవండి." ఆయన తిట్టినా, ఒక మార్కు తగ్గించినా నాకు ఊపిరాడేది. ఒక్క మార్కు తగ్గించలేదు. తను మాత్రం ముందు బెంచీకి మారిపోయింది. నేనే ఒకరోజు బోరింగు దగ్గర ఆపాను.

"నా మీద కోపమా?"

తను చేతులు కడుక్కోవడం పూర్తిచేసి అంది. "ఏటి దగ్గర కూడా నువ్వు కర్ర దాకా రాలేదు. నేను చూసేను. పోనీలే, ఆటే కదా అనుకున్నాను."

ఆ నెల్లోనే తుఫాను వచ్చింది. ఆ గాలి గురించి ఇప్పటికీ మా వైపు వయసు మళ్ళినవాళ్ళని అడిగితే చెబుతారు. తెల్లారేసరికి కొబ్బరితోటలు తోటలే నేలకొరిగాయి. కాలవలో నీళ్ళు కనపడలేదు, మట్టలూ దూలాలూ కోళ్ళ గంపలూ. పేటలో ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. వాళ్ళందరూ బళ్ళో తలదాచుకున్నారు. మామ్మ పెద్ద గుండిగలో అన్నం, పప్పు వండించి పంపుతూ, "నువ్వూ వెళ్ళు" అంది నాతో. ఎందుకు పంపుతోందో నాకు తెలుసు.

వెళ్ళేసరికి తను బడి ఆవరణలో పడిపోయిన కొబ్బరిచెట్టు మీద నిఘంటువు పేజీలు ఆరబెడుతోంది. కుట్లు ఊడిపోయి కాగితాలు విడివిడిగా వచ్చేశాయి. ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో చిన్న పెంకు పెడుతోంది. నేను పక్కన కూర్చుని ఒక తడి కాగితం తీశాను.

"వద్దులే, చిరుగుతాయి" అని నా చేతిలోంచి మెత్తగా తీసుకుంది.

చెప్పేద్దామనుకున్నాను. అంతలో అన్నం గిన్నెల దగ్గర ఎవరో కేకేశారు. ఆ కేకకి నాకు ప్రాణం లేచొచ్చింది. వడ్డించడానికి పరుగెత్తాను.

జూన్‌లో నేను కాలేజీకి వెళ్ళిపోయాను. తను చదవాల్సిన సీట్లో రెండేళ్ళు చదివాను. ఏ ఎంట్రన్సులోనూ నాకు చెప్పుకోదగ్గ ర్యాంకు రాలేదు. మామూలు డిగ్రీ చేసి బ్యాంకు పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను. తను అమలాపురంలో ఇంటరు చదివింది. కోచింగ్ లేకుండానే డాక్టరు కోర్సుకి రెండుసార్లు రాసింది. రెండోసారి కొద్దిలో తప్పిపోయిందని విన్నాను. తర్వాత బి.ఇడి. చేసి రాజోలు వైపు హైస్కూల్లో టీచరుగా చేరింది. ఆ సీటు వచ్చి ఉంటే డాక్టరయ్యేదా? ఎవరు చెప్పగలరు? అసలు చెప్పలేకుండా చేసింది నేనే.

చాలా ఏళ్ళకి, నాకు పెళ్ళయి, పాప పుట్టాక, సెలవులకి ఊరొచ్చినప్పుడు మాస్టారికి కంటి ఆపరేషన్ అయిందని తెలిసింది. వెళ్ళాను. కాలవ మీద అప్పటికి సిమెంటు వంతెన పడింది. ఆయన పడకకుర్చీలో, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్నారు. మనిషి బాగా తగ్గిపోయారు.

"ఎవరండీ?"

"నేనే మాస్టారూ."

"అమ్మాయిగారా! ఎప్పుడొచ్చేరండి? పాపాయి బాగుందాండి?"

"అలా పిలవకండి మాస్టారూ."

"అలవాటైపోయిందండి, ఏం చెయ్యమంటారు."

నేను నేల మీద కూర్చున్నాను. ఆయన కంటికి కట్టు ఉండబట్టే చెప్పగలిగాను. తెలిసే తప్పు చెప్పానని, గుర్తుండే గుర్తులేదన్నానని. ఆయన కుర్చీ చేతుల మీద తడుముకుని ముందుకు వంగారు.

"నాకు తెలుసండి. ఆ రోజే తెలుసు. కానీ తప్పు నాదీ ఉందండి. పదిహేనేళ్ళ పిల్లని అంతమందిలో నిలబెట్టి అలా అడక్కూడదు. కూతురి మీద ప్రేమతో ఒళ్ళు మరిచేను. తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో, ఆ పిల్ల ఎంత హడలిపోయిందో అని. మీరే నన్ను క్షమించాలండి."

నేను తిట్లు తినడానికి వెళ్ళాను. క్షమాపణ విన్నాను. ఏడుస్తూ లేచేసరికి గుమ్మంలో తను నుంచుని ఉంది. సెలవులకి తనూ వచ్చింది. అంతా విన్నదని మొహం చూస్తే తెలిసింది. నన్ను వాకిట్లోకి రమ్మంది.

"నాన్నకి చెప్పేవు. మంచిదే. ఆయన క్షమిస్తారని నీకు తెలుసు. ఆయనకి అదే అలవాటు చేసేరు, చిన్నప్పటి నుంచీ."

"నువ్వు..."

"నా సంగతి వదిలెయ్. నాకు ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు, బానే ఉన్నాను. కానీ అంతమందిలో నాన్నని కూర్చో అన్నారు. అంతమందీ నవ్వేరు. వాళ్ళందరూ ఇళ్ళకెళ్ళి, కూతురి కోసం మాస్టారొకడు గొడవ చేసేడని చెప్పుకుని ఉంటారు. నువ్వు ఈ గదిలో చెప్పింది వాళ్ళెవరికీ తెలీదు. వాళ్ళకి ఎవరు చెబుతారు?"

తను లోపలికెళ్ళి టీ తెచ్చి ఇచ్చింది. తాగాను.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "అయితే నేను ఊరుకోమన్నది నిజం చెబుతున్న మనిషినన్నమాట" అన్నారు. వెళ్ళి మాట్లాడతారనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అంటూ రెండేళ్ళు గడిపేశారు. మాస్టారు పోయినప్పుడు వెళ్ళారు. సమాధుల తోట బయట, గేటు దగ్గరే, అంతా అయ్యేదాకా చెప్పులు విప్పి నుంచున్నారట.

ప్రశ్నలడిగిన పెద్దమనిషి ఇప్పుడు లేరు. ఆ హాలు పడగొట్టి షాపులు కట్టారు. ఆ రోజు అక్కడున్న మూడు వందల మందో నాలుగు వందల మందో ఎక్కడెక్కడున్నారో నాకు తెలీదు. కానీ అప్పటి పిల్లలకి ఇప్పుడు నా వయసే ఉంటుంది. మాస్టార్లలో కొందరైనా ఉండి ఉంటారు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మీ జ్ఞాపకం దిద్దుకోండి. ఆ రోజు కాలవ అవతలి పేట నుంచి వచ్చిన అమ్మాయి చెప్పిందే సరైన జవాబు. పుస్తకం ఎత్తి పట్టుకుని నుంచున్నాయన చెప్పింది నిజం. హిప్పోడ్రోమ్ అంటే గుర్రాలు పరుగెత్తే చోటు. అది నాకు అప్పుడూ తెలుసు.